ఇద్దరు మనుషులు, ఒక చుక్కల సీసా: ముసలి దంపతుల నాటిక కట్టడం ఎలా

ముసలి దంపతుల మీద నాటిక అనగానే కలం పట్టకముందే సగం స్క్రిప్టు తయారైపోతుంది. అమెరికాలో కొడుకు, మోగని ఫోను, దగ్గు, చేతికర్ర, ఆఖర్న ఒకరి చావు, వెనక వేణువు. చూసేవాడు మూడో నిమిషంలోనే ముగింపు కనిపెట్టేసి మిగతా సేపు మర్యాదకి కూర్చుంటాడు. ఇద్దరు నటులతో, గంటలోపు, హైదరాబాద్‌లో ఆడదగ్గ నాటిక కట్టాలనుకునేవాళ్లు ముందు ఈ సామానంతా ఇంట్లోంచి బయట పెట్టాలి.

కథ కాదు, పని వెతకండి

యాభై ఏళ్లు కలిసి కాపురం చేసినవాళ్లు తమ కాపురం గురించి మాట్లాడుకోరు. పాల లెక్క గురించి మాట్లాడుకుంటారు, గ్యాస్ ఎప్పుడు అయిపోతుందో మాట్లాడుకుంటారు. అందుకని నాటికకి కావలసింది ఇద్దరూ ఉంటే తప్ప జరగని ఒక ఇంటి పని. ఆ పనిలో ఒకరి ఒంటి మీద మరొకరి చెయ్యి పడాలి. మధ్యలో ఊరికే ఆగాల్సిన సమయం ఉండాలి. చెడిపోయే వీలు కూడా ఉండాలి. ఈ మూడూ లేని పని వేదిక మీద పది నిమిషాలకే ఊడిపోతుంది.

కాలి గోళ్లు తీయడం పనికొస్తుంది. ఒకప్పుడు యాభై కాయలు పెట్టిన ఇంట్లో ఇప్పుడు ఆరు కాయలకి ఆవకాయ కలపడం పనికొస్తుంది, కానీ ఆవపిండి, కారం ఘాటుకి రిహార్సల్లో నటులు తుమ్ముతూనే ఉంటారు. పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ కోసం వేలిముద్ర వేయడం కూడా మంచిదే. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు ఏటా నవంబరులో ఇవ్వాలి, 80 నిండినవాళ్లు అక్టోబరు నుంచే ఇవ్వొచ్చు. అరిగిన వేళ్లని యంత్రం గుర్తుపట్టకపోవడంలో హాస్యం ఉంది, గుబులూ ఉంది. కాకపోతే మూడో మనిషి కావాలి, యంత్రం పట్టుకొచ్చినవాడు.

అన్నిటికంటే బాగా నిలిచేది కంటి చుక్కలు. శుక్లం ఆపరేషన్ తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలు చుక్కలు వేయాలి. రోజుకి ఇన్నిసార్లని మొదలై వారం వారం తగ్గుతాయి. రెండు రకాల మందులుంటే ఒకటి వేశాక రెండోదానికి కనీసం ఐదు నిమిషాలు ఆగాలి, లేకపోతే మొదటి మందుని రెండోది కడిగేస్తుంది. ఆ ఐదు నిమిషాలే మీ నాటిక. ఒకరు కన్ను మూసుకుని పడుకోవాలి, ఇంకొకరు గడియారం చూస్తూ కూర్చోవాలి, ఇద్దరికీ ఎటూ పోయే దారి లేదు.

ఇప్పుడు దీనికి ఒక అడ్డం పెట్టండి. ఆవిడకి ఆపరేషన్ అయింది, వంగకూడదు, బరువెత్తకూడదు. కన్ను మూసుకుని ఉంది గానీ చెవులు చురుగ్గా ఉన్నాయి. ఆయన చూస్తాడు గానీ వినపడదు. సరిగ్గా అప్పుడే వెనక మంజీరా నల్లా, అంటే ఊరి కుళాయి, వస్తుంది. రోజు విడిచి రోజు వచ్చే నీళ్లు. పట్టుకోకపోతే ఎల్లుండి దాకా లేవు. హైదరాబాద్‌లో ఈ సంగతి ఎవరికీ విప్పి చెప్పక్కర్లేదు, హాలంతా కుర్చీ అంచు మీదికి జరుగుతుంది.

నిమిషాల పట్టిక

నాటిక సమయం, గోడ గడియారం సమయం ఒకటే అయ్యేలా రాయండి. నవంబరు సాయంత్రం 5:20కి మొదలెట్టి 6:15కి ముగిస్తే మధ్యలో పొద్దుగూకుతుంది. నవంబరు మధ్యలో హైదరాబాద్‌లో సూర్యాస్తమయం 5:40 ప్రాంతంలో. గోడ మీద నిజంగా నడిచే గడియారం పెట్టండి. ముల్లు కదలని గడియారాన్ని మూడో వరస ప్రేక్షకుడు పట్టేస్తాడు.

మొదటి పన్నెండు నిమిషాలూ కళ్లజోడు వెతకడం, చేతులు కడుక్కోవడం, చీటీ మీద చిన్న అక్షరాలు చదవడం. తర్వాత పదహారు నిమిషాలు లెక్క మీద గొడవ: ఈ వారం రోజుకి నాలుగుసార్లా, మూడుసార్లా. ముప్పయ్యో నిమిషంలో మొదటి చుక్క. ముప్పై రెండులో నల్లా. ఆయన లోపలికి పోయాక ఆవిడ ఒక్కతే వేదిక మీద, కన్ను మూసుకుని, రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలకి సంభాషణ రాయొద్దు. లుంగీ అంచు తడుపుకుని ఆయన తిరిగొచ్చేసరికి వేసింది ఏ సీసానో ఇద్దరికీ అనుమానం. నలభై మూడులో అసలు మాట బయటపడుతుంది. యాభై రెండులో రెండో చుక్క.

గడియారం దగ్గర పెట్టుకుని స్క్రిప్టు పైకి చదవండి. చదివితే నలభై నిమిషాలొచ్చింది వేదిక మీద యాభై ఐదవుతుంది. చదివినప్పుడే యాభై ఐదొస్తే కోసేయండి. నాటక పరిషత్తుల పోటీల్లో సమయం దాటితే మార్కులు పోవడం తర్వాతి సంగతి, ముందు మౌనాలకి చోటు పోతుంది.

పుట్టిన తేదీల దగ్గర తప్పులు

ఇద్దరి జీవితాన్నీ ఏడాదుల వారీగా ఒక కాగితం మీద వేసుకోవాలి. ఉదాహరణకి ఆయన సర్టిఫికెట్ ప్రకారం 1945లో పుట్టాడు, 1968లో దక్షిణ మధ్య రైల్వేలో గుమాస్తాగా చేరాడు (ఆ జోన్ ఏర్పడింది 1966లో), 1970లో పెళ్లి, 2005లో అరవై నిండి రిటైర్మెంటు. కేంద్ర ఉద్యోగులకి రిటైర్మెంటు వయసు 58 నుంచి 60కి పెరిగింది 1998లో కాబట్టి ఈ లెక్క నిలుస్తుంది. ఆవిడ 1952లో పుట్టింది. నాటిక జరిగేది 2025లో. ఆయనకి 80 వచ్చాయి, అంటే మూల పెన్షన్ మీద 20 శాతం అదనం మొదలవుతుంది. 'మీ అసలు పుట్టినరోజు అది కాదుగా, బళ్లో పంతులు వేసిన తేదీ' అని ఆవిడ అనడానికి ఇంతకంటే మంచి సందు దొరకదు.

లెక్క వేయనివాళ్లు చేసే తప్పు ఒకటుంది. ఎనభై ఏళ్ల తాతకి ఆరేళ్ల మనవణ్ణి పెడతారు. 1972లో కూతురు పుట్టి ఉంటే ఆ కూతురికే ఇప్పుడు 53, మనవడు ఉద్యోగంలో ఉంటాడు. జ్ఞాపకాలదీ అదే దారి. హైదరాబాద్‌లో దూరదర్శన్ వచ్చింది 1977లో. ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు 2003లో, మెట్రో 2017లో. 1975లో టీవీ చూస్తూ పోట్లాడుకున్నట్టు రాస్తే మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో బతికిన ఏ పెద్దాయనైనా అక్కడికక్కడే పట్టుకుంటాడు.

అదే కాగితం మీద మూడు గొడవలు రాసుకోవాలి. రోజూ జరిగేది ఒకటి: ఫ్యాను వేగం, చాయ్‌లో చక్కెర. ఏడాదికోసారి వచ్చేది ఇంకొకటి: ఆడపడుచు పెట్టుపోతలు. ఎన్నడూ ఎత్తనిది మూడోది. మన ఉదాహరణలో 1978లో ఆవిడ తండ్రి పోయినట్టు వచ్చిన టెలిగ్రాం. ఆ పూట ఆయన తల్లికి ఒంట్లో బాగాలేదు, ఆవిడ వెళ్లిపోతుందని ఆయన దాన్ని మర్నాటిదాకా జేబులోనే ఉంచాడు. (మన టెలిగ్రాం సర్వీసు ఆగిపోయింది 2013 జూలైలో. ఈ మాట వినగానే హాల్లో పెద్దవాళ్లకి ఆ కాగితం కళ్లముందు మెదులుతుంది.) ఈ మూడో గొడవ నాటిక మొత్తంలో ఒక్కసారి, ఒక్క వాక్యంలో రావాలి. దాన్ని సీనుగా సాగదీస్తే అది కోర్టు నాటకమై కూర్చుంటుంది.

ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తారు

భాష ఏ ప్రాంతానిదో మొదటిరోజే తేల్చుకోండి. తెలంగాణ ఇల్లయితే ఆవిడ 'ఏమయ్యా, తింటవా' అని నువ్వుతోనే మాట్లాడొచ్చు, అందులో అమర్యాద ఏమీ లేదు. కోస్తా నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో స్థిరపడిన ఇల్లయితే 'ఏవండీ', 'మీరు'. ఆయన మాత్రం 'ఇదిగో', 'ఏమేవ్', 'నిన్నే'. పేరుపెట్టి పిలవడం ఇద్దరికీ అలవాటుండదు. స్క్రిప్టులో పేర్లు లేకపోయినా నష్టం లేదు, ఆయన, ఆవిడ అని రాసుకుంటే చాలు. కోస్తా ఆవిడ యాభై ఐదేళ్ల తర్వాత ఇంకా 'కుళాయి' అంటుందా, 'నల్లా' అంటుందా? నల్లా అనే అంటుంది. ఈ ఊళ్లో ఎన్నేళ్లున్నారో వేరే చెప్పక్కర్లేకుండా ఆ ఒక్క మాట చెబుతుంది.

మొదటి చుక్క తర్వాతి సీను ఇలా నడవొచ్చు:

(ఆవిడ దివాను మీద వెల్లకిలా. ఆయన కుర్చీలో, చూపు గడియారం మీద.)
ఆవిడ: ఎంతైంది?
ఆయన: రెండు.
ఆవిడ: రెండా, ఒకటిన్నరా?
ఆయన: కన్ను తెరవకు.
(లోపల నీళ్ల చప్పుడు.)
ఆవిడ: వచ్చాయి.
ఆయన: ఎవరూ?
ఆవిడ: నీళ్లండీ. నల్లా.
ఆయన: ఇవాళ రోజు కాదుగా.
ఆవిడ: మీ అమ్మగారికీ ఇలాగే వేసేదాన్ని. రెండు కళ్లూ.
(ఆయన వినలేదు. లేదా విన్నాడు.)
ఆయన: మూడు.

'లేదా విన్నాడు' దగ్గర నటుడికి నిర్ణయం కావాలి. విన్నాడో లేదో ఆయనకి తెలిసి తీరాలి, హాలుకి తెలియకూడదు. రిహార్సల్లో రెండు రకాలుగానూ చేయించి ఒకటి ఖాయం చేయండి. ఏదీ ఖాయం చేసుకోని నటుడు కళ్లు గిరగిరా తిప్పుతాడు.

యాభై ఐదేళ్లుగా 'మీరు' అన్న మనిషి నలభై మూడో నిమిషంలో, ఇంకా కన్ను మూసుకునే, 'ఆ టెలిగ్రాం నువ్వు ముందురోజే చదివావు' అంటుంది. ఆ 'నువ్వు' ఒక్కటే. తర్వాతి వాక్యానికి మళ్లీ 'మీరు'. గొంతు పెంచొద్దు, లైటు మార్చొద్దు. రచయితకి ఇది బాగా నచ్చి ఇంకో రెండుచోట్ల వాడాలనిపిస్తుంది. వాడితే మొదటిదీ చచ్చిపోతుంది.

ఒళ్లు

ఇరవై ఐదేళ్ల కుర్రాడికి పౌడరు రాసి ముసలివాణ్ణి చేయొద్దు. యాభై దాటినవాళ్లని వెతకండి, అరవై దాటితే ఇంకా మేలు. వాళ్లకైనా కొన్ని చూపించాలి, ఎందుకంటే వేదిక ఎక్కగానే అందరికీ నడుం వంగి గొంతు వణుకుతుంది.

కుర్చీలోంచి లేవడం చూడండి. ముందు సీటు అంచుకి జరుగుతారు, పాదాలు వెనక్కి లాక్కుంటారు, రెండు చేతులూ కుర్చీ చేతుల మీద, ఒళ్లు ముందుకి, అప్పుడు లేస్తారు. లేచాక వెంటనే నడవరు. తల తిరగకుండా రెండు క్షణాలు నిలబడతారు. వయసు కనిపించేది ఆ రెండు క్షణాల్లోనే. చేతికర్ర నొప్పి ఉన్న కాలి పక్కన కాదు, రెండో పక్క చేతిలో ఉండాలి. చాలా నాటికల్లో ఇది తిరగబడే ఉంటుంది. కర్ర పిడి మణికట్టు మడత ఎత్తుకి రావాలి, కింద రబ్బరు బుడిపె ఉండాలి, లేకపోతే చెక్క వేదిక మీద ప్రతి అడుగూ మైకులో టకటకలాడుతుంది.

వణుకు రెండు రకాలు, కలపకూడదు. పార్కిన్సన్స్‌లో ఒళ్లో ఊరికే పెట్టుకున్న చెయ్యి వణుకుతుంది, పనిలో పడితే తగ్గుతుంది. వయసుతో వచ్చే మామూలు వణుకు దీనికి తలకిందులు: చెయ్యి చాచి కప్పు పట్టుకున్నప్పుడు, సంతకం పెట్టేటప్పుడు కనిపిస్తుంది. మన ఆయనకి ఈ రెండోది. సీసా కంటి మీదికి వచ్చేకొద్దీ వణుకు పెరుగుతుంది. అప్పుడు ఆయన మణికట్టుని ఆవిడ నుదుటి మీద ఆనిస్తాడు, చెయ్యి నిలుస్తుంది. నర్సులు నేర్పేదీ ఇదే. వేదిక మీద ఇది చేయగానే హాలు నిశ్శబ్దమవుతుంది, దానికి సంభాషణ అక్కర్లేదు.

చెవుడు అంటే అరవడం కాదు. వయసుతో ముందు పోయేవి సన్నని, పై స్థాయి శబ్దాలు. మగ గొంతు బాగానే అందుతుంది, ఆడ గొంతు, పిల్లల గొంతు చెదురుతాయి. 'వాచ్‌మన్ మాటైతే వినపడుతుంది, నా మాటే వినపడదు' అని ఆవిడ దెప్పడంలో శరీరశాస్త్రం కూడా ఉంది. ఆయన తల పక్కకి తిప్పి మంచి చెవి పెడతాడు, పెదాలు చూస్తాడు. వినపడనప్పుడల్లా 'ఆఁ?' అనడు. చాలాసార్లు విన్నట్టు నటిస్తాడు, అడిగినదానికి పక్కనున్న ప్రశ్నకి జవాబు చెబుతాడు.

చుక్క వేసే తీరు

చేతులు కడుక్కోవాలి. ఆవిడ పైకప్పు చూడాలి. కింది రెప్పని వేలితో కొద్దిగా కిందికి లాగితే చిన్న సంచిలా ఏర్పడుతుంది, చుక్క పడాల్సింది అందులో, కనుగుడ్డు మీద కాదు. సీసా మూతి రెప్పకి తగలకూడదు. ఒక్క చుక్క చాలు. తర్వాత కన్ను మెల్లగా మూసి, ముక్కు పక్కన కంటి మూలని వేలితో ఒకటి రెండు నిమిషాలు నొక్కి ఉంచాలి, మందు గొంతులోకి జారకుండా. ఆ నొక్కే వేలు ఎవరిది? డాక్టరు దృష్టిలో ఎవరిదైనా ఒకటే. నాటికలో మొదటి చుక్కకి ఆవిడ వేలు, రెండో చుక్కకి ఆయన వేలు.

సీసా ఖాళీది వాడండి. అసలు మందు రిహార్సల్లోకి రానే కూడదు. ఈ చుక్కల్లో స్టెరాయిడ్ ఉండొచ్చు, అక్కర్లేని కంట్లో వేస్తే కంటి ఒత్తిడి పెరుగుతుంది. తడి కనిపించాలంటే ఆయన చేతిలోని దూదిని ముందే నీళ్లలో ముంచి పిండి ఉంచితే సరిపోతుంది.

గది, వెలుతురు, చప్పుడు

రవీంద్రభారతి వేదిక ఇంత చిన్న నాటికకి మరీ వెడల్పు, పదో వరస దాటాక కంటి చుక్క ఎవరికీ కనిపించదు. అక్కడే ఆడాల్సి వస్తే పదహారడుగుల వెడల్పు, పన్నెండడుగుల లోతు గదిని ముందుకి తెచ్చి, మిగతాది నల్ల తెరలతో మూసేయండి. బంజారాహిల్స్‌లో 2010 నుంచి నడుస్తున్న లామకాన్ లాంటి ఆరుబయలు చోటు దీనికి బాగా నప్పుతుంది, ప్రేక్షకుడు దగ్గరగా ఉంటాడు. నవంబరులో నిజంగానే 5:20కి మొదలెట్టగలిగితే పొద్దుగూకడం ఉచితంగా దొరుకుతుంది. ఎక్కడినుంచైనా మగ్రిబ్ అజా వినిపిస్తే ఆగొద్దు, సికింద్రాబాద్ ఇంట్లో ఆ వేళకి అదీ వినిపించేదే.

లోపలి హాల్లో అయితే పొద్దుగూకడం మీరే చేయాలి. కిటికీ వైపు లైటుని ఇరవై నిమిషాలు పట్టేలా తగ్గించండి, ఎవరూ గమనించకూడదు. 'లైటెయ్యండి' అని ఆవిడ అన్నప్పుడే చీకటి పడిందని తెలియాలి. అప్పుడు వెలగాల్సింది వేదిక మీద కనిపించే నాలుగడుగుల ట్యూబ్‌లైటు. కళ్లజోడు మీద స్పాట్‌లైటు మెరుస్తుంటే అద్దాలు తీసేయకండి, ఖాళీ ఫ్రేము ముందు వరసకి తెలిసిపోతుంది. చెవుల దగ్గర కాడలు అరంగుళం పైకెత్తితే అద్దం కిందికి వాలి మెరుపు పోతుంది.

దివాను ఎత్తు పద్దెనిమిది అంగుళాలు ఉండాలి, తక్కువైతే ఆయన వంగలేడు. చేతులున్న బరువైన చెక్క కుర్చీ ఒకటి. ప్లాస్టిక్ కుర్చీ లేచేటప్పుడు వెనక్కి జారుతుంది. పాల లెక్క రాసిన తెలుగు క్యాలెండరు, ఫ్రిజ్ మీద మందుల స్టీలు డబ్బా. ఇంతకంటే ఎక్కువ సామాను పెడితే గది కొట్టులా తయారవుతుంది.

నల్లా శబ్దం రికార్డు చేసింది కాకుండా వింగ్‌లో (వేదిక పక్క మరుగులో) ఒకరు డ్రమ్ము నుంచి బకెట్‌లోకి నిజంగా పోస్తే మేలు, నిండేకొద్దీ స్వరం పెరుగుతుంది, ఆవిడ దాన్ని వినే 'నిండిపోతోంది' అనగలదు. కాలర్ మైకు పెడితే పమిట రాపిడి వినిపిస్తుంది, వేలాడదీసిన మైకులే నయం. నేపథ్య సంగీతం వద్దు. వేణువు అసలే వద్దు.

మేకప్ మీద ఎక్కువ సమయం పెట్టక్కర్లేదు. ముడతలు గీస్తే గీసినట్టే ఉంటాయి. తెల్ల పౌడరు చల్లిన జుట్టు మొదటిసారి తల ఊపగానే భుజాల మీద రాలుతుంది. రంగు వేసిన నల్లజుట్టుకి అరంగుళం తెల్ల మొదళ్లు, లేదా ఈ ఊరి ముసలాళ్లలా గోరింటాకు పెట్టిన ఎర్రజుట్టు, ఇవి నిజంగా ఉంటాయి. ముఖానికి రంగు వేసి చేతులు మరిచిపోవద్దు, ఈ నాటికలో జనం చూసేది చేతుల్నే.

రిహార్సల్స్

నెల రోజులు, రోజుకి రెండు గంటలు. పెద్దవాళ్లు కాబట్టి సాయంత్రం ట్రాఫిక్‌లో తిప్పకుండా ఉదయం పది నుంచి పన్నెండు పెట్టుకోండి. మొదటి వారం కూర్చుని చదవడమే. ఎనిమిదో రోజు నుంచి అసలు సీసా, అసలు కుర్చీ, అసలు కళ్లజోడు. ఊహించుకుని చేసిన పని చివరి వారంలో అసలు వస్తువు చేతికి రాగానే కుప్పకూలుతుంది, సంభాషణ మరిచిపోవడం కూడా అక్కడే మొదలవుతుంది. వారానికి ఒకరోజు మాటల్లేకుండా పనులు మాత్రమే చేయించండి. ఆ రోజు నాటిక అర్థమైతే స్క్రిప్టులో ఇంకా కోయాల్సింది ఉందన్నమాట.

నటులు ఏడ్చే చోటు ఒకటి తప్పకుండా వస్తుంది, టెలిగ్రాం దగ్గర. ఆపరేషన్ అయిన కన్ను, ఏడిస్తే నలపాలనిపిస్తుంది, నలపకూడదు. ఆ కారణమే నటికి చెప్పండి, 'భావం తగ్గించమ్మా' అని చెప్పకండి. చప్పట్ల కోసం రాసిన డైలాగు ఏదైనా మిగిలి ఉంటే అదీ ఈ దశలోనే తెలుస్తుంది. నటుడు ఆ వాక్యానికి ముందు ఊపిరి పీలుస్తాడు.

ఆడే రోజు గంట ముందు మూడు చూసుకోవాలి. గడియారం 5:20 మీద ఆగి ఉండాలి, తెర లేచే ముందు బ్యాటరీ పెట్టేది ఎవరో పేరుతో సహా తేలాలి. రెండు సీసాల మూతలకీ వేర్వేరు రంగులు ఉండాలి, లేకపోతే ఏది వేశామన్న గొడవ నటుల మధ్య నిజంగానే జరుగుతుంది. ఆయన తడి లుంగీతో తిరిగొచ్చే దారిలో కరెంటు వైరు ఉండకూడదు. వింగ్‌లో బకెట్ కింద గోనెసంచి పరిచి, తుడిచే గుడ్డతో ఒకరు అక్కడే నిలబడాలి, చివరి చుక్క పడేదాకా.